మెదడు సెక్షన్లలో జీఎఫ్‌పీ వైరస్‌ను లిపోఫస్సిన్ మెరుపు నుంచి వేరు చేయడం ఎలా?

నమస్కారం. విశాఖపట్నంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) తయారుచేసే హెర్పెస్ సింప్లెక్స్ 1 రిపోర్టర్ వైరస్ (సోకిన కణాన్ని ఆ మెరుపుతో చూపించేది) సోకిన ఎలుకల మెదళ్లను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి మాకు పంపారు. వాటిని 40 మైక్రాన్ల సెక్షన్లుగా కోసి, కన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో 488 నానోమీటర్ల లేజర్‌తో చూస్తున్నాను.

ఎలుకలు ముసలివి. వైరస్ సోకని కంట్రోల్ మెదడులో కూడా హిప్పోకాంపస్ కణాల్లో ఆకుపచ్చ చుక్కలు మెరుస్తున్నాయి. 561 లేజర్‌కూ అవే చుక్కలు కనిపిస్తున్నాయి కాబట్టి లిపోఫస్సిన్ (వయసుతో కణాల్లో పేరుకునే, తనంతట తానే మెరిసే పదార్థం) అనే అనుకుంటున్నాను. ప్రకాశవంతంగా ఉన్న కణాలతో ఇబ్బంది లేదు. అప్పుడే వైరస్ సోకి, మసకగా ఉన్నవాటిని లెక్కించడమే టెన్షన్, నా పనికి అవే ముఖ్యం.

70 శాతం ఆల్కహాల్‌లో 0.1 శాతం సూడాన్ బ్లాక్ బి (ఆ మెరుపును అణిచే నల్ల రంగు) 10 నిమిషాలు పెట్టాను. చుక్కలు తగ్గాయి, కానీ జీఎఫ్‌పీ కూడా మసకబారింది. తర్వాత జీఎఫ్‌పీకి అంటుకునే యాంటీబాడీ, 647 డై (దూర ఎరుపులో మెరిసే రంగు)తో ప్రయత్నిస్తే సూడాన్ బ్లాక్ వల్ల ఆ ఛానల్లోనే బ్యాక్‌గ్రౌండ్ పెరిగింది. సూడాన్ బ్లాక్ లేకుండా, 0.3 శాతం ట్రైటాన్ (కణపొరలను తెరిచే డిటర్జెంట్)తో రాత్రంతా ఉంచినా యాంటీబాడీ సెక్షన్ పైపొర దాటి లోపలికి వెళ్లలేదు. కొత్త మెదళ్లు దొరకవు, ఈ సెక్షన్లతోనే పని కావాలి.

మసక జీఎఫ్‌పీ పోకుండా లిపోఫస్సిన్ మెరుపును మాత్రమే తగ్గించడానికి మీ ల్యాబ్‌లో పనిచేసిన పద్ధతి ఏది?