కోట్జెబ్యూ బెలూన్లు: కాంట్రాక్టుకి ఇస్తే తప్పేంటి?

గాలివాటం:
అలాస్కాలో ఆర్కిటిక్ వలయానికి కాస్త పైన, చుక్చీ సముద్రం వైపు, కోట్జెబ్యూ అని ఓ మూడు వేల మంది ఉండే ఊరుంది. బయటి నుంచి రోడ్డు లేదు, విమానమే గతి. 2025 ఫిబ్రవరి చివర్లో అమెరికా జాతీయ వాతావరణ సర్వీసు సిబ్బంది చాలడం లేదని అక్కడ వాతావరణం కొలిచే బెలూన్లు వదలడం ఆపేసింది. అప్పట్నుంచి చూస్తున్నాను, అందరూ ప్రభుత్వాన్ని తిడుతున్నారే గానీ ఆ పనిని కాంట్రాక్టుకి ఇవ్వండి అని ఒక్కరూ అనరు. బెలూన్‌లో గ్యాస్ నింపి, కింద రేడియోసోండ్ అనే కొలిచే డబ్బా కట్టి వదలాలి. ఆ డబ్బా ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి వివరాలు రేడియోలో పంపుతుంది. ఆ డబ్బాలు తయారు చేసేదే ప్రైవేటు కంపెనీలు. వదిలే చెయ్యి మాత్రం ప్రభుత్వానిదే అయ్యుండాలా?

పాత అబ్జర్వర్:
నేను ఈ పని చేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ప్రపంచమంతా ఒకే గడియారం మీద జరిగే పని ఇది. అంతర్జాతీయ సమయం 00కి ఒకసారి, 12కి ఒకసారి. మనకు ఉదయం ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. విశాఖ, మచిలీపట్నం అయినా, అలాస్కా అయినా ఆ వేళకే లెక్క. బెలూన్‌ని కాస్త ముందే వదులుతారు. అది సుమారు రెండు గంటల్లో ముప్ఫై కిలోమీటర్లు దాటి, పైన ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. అక్కడ పైన గాలి ఎటు వీస్తోందో ఆ క్షణంలో తెలియాలి. ఒక స్టేషన్ గంట ఆలస్యమైతే డేటా పూర్తిగా వృథా కాదు గానీ విలువ తగ్గుతుంది.

ఇక "వదిలే చెయ్యి" సంగతి. ఈదురుగాలిలో బెలూన్ నేలకి కొట్టుకోకుండా వదలడం చూసినంత తేలిక కాదు. హైడ్రోజన్ వాడే చోట ఒక్క నిప్పురవ్వ పుట్టినా ప్రమాదమే. మంచు పట్టి బెలూన్ ఎత్తు చేరకముందే పగిలితే మళ్ళీ ఇంకోటి వదలాలి. నా ప్రశ్న అక్కడే: ఆ రెండో బెలూన్ ఖర్చు ఎవరిది? నెలకి ఇంత అని మొత్తం డబ్బు మాట్లాడుకున్న కాంట్రాక్టరు అర్ధరాత్రి, మైనస్ ముప్ఫైలో రెండోది వదులుతాడా? వదిలిన దానికి ఇంత అని ఇస్తే, అవసరం లేకపోయినా వదులుతాడా? ఇది కాగితం మీద స్పష్టంగా రాయకపోతే రోజూ గొడవే.

కాల్గరీ కిట్టు:
బాబాయ్ గారూ, మీ అనుభవానికి దండం. కానీ ఇది కొత్త ప్రయోగమన్నట్టు మాట్లాడుతున్నారు. మా కెనడా ఉత్తరాన చాలా స్టేషన్లలో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మనుషులే బెలూన్లు వదులుతున్నారు. డేటా అదే దారిలో ప్రపంచానికి వెళ్తోంది. అమెరికా వాళ్ళు కూడా పసిఫిక్‌లో మైక్రోనేషియా దీవుల్లో తమ డబ్బుతో స్థానిక వాతావరణ ఆఫీసుల చేత ఈ పని చేయిస్తున్నారు.

పైగా ఆర్కిటిక్‌లో స్టేషన్లు మూసింది కాంట్రాక్టర్లా? 1947 నుంచి 1950 దాకా కెనడా, అమెరికా కలిసి ఉత్తర దీవుల్లో యురేకా, రెజొల్యూట్, ఇసాక్సెన్, మౌల్డ్ బే, అలర్ట్ అని ఐదు స్టేషన్లు పెట్టాయి. ఇసాక్సెన్‌ని 1978లో, మౌల్డ్ బేని 1997లో మూశారు. రెండూ సర్కారువే. ఇంకో మాట. ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి శిక్షణ ఇస్తే అక్కడే ఉంటాడు. దక్షిణం నుంచి పంపిన ఉద్యోగి బదిలీ ఎప్పుడా అని ఎదురుచూస్తాడు.

లెక్కల మాస్టారు:
కిట్టూ, సర్కారు మూసిందన్నావు, నిజమే. కాంట్రాక్టు అయితే మూయడం ఇంకా సులువు. స్టేషన్ మూయాలంటే కనీసం గొడవ అవుతుంది, పత్రికల్లో వస్తుంది. కాంట్రాక్టు అయితే ఊరికే రెన్యూ చేయరు, అంతే.

నాకు అసలు భయం డేటా ఎవరిదన్న దానిమీద. 1995లో ప్రపంచ వాతావరణ సంస్థ 40వ తీర్మానం చేసింది. ముఖ్యమైన పరిశీలనలు దేశాలన్నీ ఉచితంగా ఇచ్చిపుచ్చుకోవాలని. 2021లో దాన్ని ఇంకా విస్తరించారు. మన బంగాళాఖాతం తుఫాను అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కి కూడా ఆ డేటా పైసా ఖర్చు లేకుండా అందుతోంది. మనిషిని కాంట్రాక్టుకి తీసుకుంటే ఇబ్బంది లేదు, డేటా ప్రభుత్వానిదే. డేటానే కంపెనీ దగ్గర కొంటే కథ వేరు. లైసెన్సులో "ఇతరులకు ఇవ్వరాదు" అని ఒక్క లైను చాలు. ఈ రెంటినీ కలిపి "కాంట్రాక్టు" అనేస్తున్నారు అందరూ.

గాలివాటం:
మాస్టారూ, ఆ లైను లేకుండా బేరమాడితే సరిపోతుంది కదా. అమెరికా 2020 నుంచి స్పైర్ అనే కంపెనీ ఉపగ్రహాల డేటా కొంటోంది, కొంప మునగలేదు. విండ్‌బోర్న్ అని ఇంకో కంపెనీ ఉంది, 2019లో పెట్టారు. వాళ్ళ బెలూన్ రెండు గంటల్లో పగిలిపోదు. ఇసుక కాస్త కాస్త వదులుతూ, గ్యాస్ తీస్తూ, పైకీ కిందకీ వెళ్తూ రోజుల తరబడి తిరుగుతుంది. కోట్జెబ్యూ లోటు తీరుస్తామని ముందుకొచ్చిందీ వాళ్ళే. ఉపగ్రహాలు ఎలాగూ ఉన్నాయి. ఇంకా మంచులో నిలబడి బెలూన్ పట్టుకోవడం ఎందుకు?

పాత అబ్జర్వర్:
ఎందుకంటే ధ్రువ ప్రాంతంలో ఉపగ్రహం తడబడేది సరిగ్గా అక్కడే. చలికాలంలో నేల దగ్గర గాలి బాగా చల్లగా, కొంత పైకి వెళ్తే వెచ్చగా ఉంటుంది. ఆ పలచటి పొరని పైనుంచి చూసి విడదీయడం కష్టం. తెల్లటి మంచు మీద తెల్లటి మేఘం, అదో చిక్కు. మోడల్‌లో ఉపగ్రహ డేటా తప్పు దారి పట్టకుండా సరిచూసుకోవడానికి రేడియోసోండ్ కావాలి. కొట్లో తక్కెడ సరిగా ఉందో లేదో చూసుకునే రాయి లాంటిదది. తిరిగే బెలూన్ మంచిదే, నాకేం పేచీ లేదు. కానీ అది రేపు ఎక్కడుంటుందో గాలి చేతిలో ఉంది. ఒకే చోట, ఒకే వేళకి దశాబ్దాలుగా కొలిచిన లెక్క దాంతో రాదు.

విశాఖ వాసు:
మీరంతా కాగితాల గురించి మాట్లాడుతున్నారు. 2025 అక్టోబరులో హాలోంగ్ తుఫాను అవశేషం వచ్చి అలాస్కాలో కిప్నక్, క్విగిల్లింగోక్ ఊళ్ళలో ఇళ్ళకి ఇళ్ళే నీళ్ళలో కొట్టుకుపోయాయి. వెయ్యి మందికి పైగా ఊళ్ళు వదిలారు. బెలూన్లు ఆపిన ఫలితం ఇదే!

లెక్కల మాస్టారు:
వాసూ, బాధ అర్థమవుతుంది, కానీ అంత గట్టిగా చెప్పలేం. కోట్జెబ్యూ ఆ ఊళ్ళకి 700 కిలోమీటర్ల పైన ఉత్తరాన ఉంది. తుఫాను వచ్చింది నైరుతి నుంచి. అడగాల్సింది దక్షిణాన బెథెల్, సెయింట్ పాల్ దీవి లాంటి చోట్ల ఆ రోజుల్లో ఎన్ని బెలూన్లు లేచాయని. అవి తగ్గడం వల్ల అంచనా కొంత దెబ్బతిని ఉండొచ్చని నిపుణులు కొందరన్నారు. ఎంత అన్నది తేలాలంటే ఆ డేటా ఉంటే ఏమయ్యేదో మోడల్ మళ్ళీ నడిపి చూడాలి.

కాల్గరీ కిట్టు:
అదే నెలలో ఇంకోటి కూడా జరిగింది. విండ్‌బోర్న్ బెలూన్ ఒకటి అమెరికాలోని యూటా రాష్ట్రం మీద ముప్ఫై ఆరు వేల అడుగుల ఎత్తులో యునైటెడ్ విమానం అద్దానికి తగిలింది. అద్దం పగుళ్ళిచ్చింది, పైలట్‌కి గాయాలయ్యాయి, విమానం దింపేశారు. గంటలు కాదు, రోజులు తిరిగే వస్తువు విమానాల ఎత్తుల్లో ఉంటే రిస్కు లెక్క మారుతుంది. కాబట్టి గాలివాటం గారూ, నేను మీ పక్షమే గానీ కంపెనీ డేటా పక్షం కాదు. ఊళ్ళో మనిషిని పెట్టండి అంటాను.

గాలివాటం:
యంత్రాలు పెట్టొచ్చుగా? అలాస్కాలోనే కొడియాక్‌లో 2018లోనే పెట్టారు, వాటంతట అవే బెలూన్లు వదులుతాయి.

పాత అబ్జర్వర్:
పెట్టారు. వాటిలో డబ్బాలు, బెలూన్లు ఎవరో ఒకరు నింపాలి, గ్యాస్ చూసుకోవాలి. మూత మంచుకి బిగుసుకుపోతే మెకానిక్ విమానంలో రావాలి. వాతావరణం బాగోక ఆ విమానం రాదు. బెలూన్ అత్యవసరమయ్యేది కూడా ఆ రోజే.

లెక్కల మాస్టారు:
ఒక్కటి అడుగుతాను, ఎవరైనా చెప్పండి. 2025 మొదట్లో నియామకాలు ఆపేసి, వందల మందిని వదులుకుని, ఆపైన "మనుషులు లేరు" అన్నారు. అద్దెకి ఇల్లు దొరకడమే కష్టమైన ఊళ్ళో, రోజుకి రెండుసార్లు, ఆదివారం, పండగ అని చూడకుండా వచ్చే మనిషి ప్రభుత్వానికి దొరకనప్పుడు, అంతకంటే తక్కువ జీతం ఇచ్చే కాంట్రాక్టరుకి ఎలా దొరుకుతాడు?

గాలివాటం:
జీతం తక్కువే ఇస్తాడని ఎందుకనుకోవాలి మాస్టారూ? ఎక్కువిచ్చే టెండర్ పిలవమనండి.

లెక్కల మాస్టారు:
అయితే ఆ డబ్బుతో ఉద్యోగినే పెట్టుకోవచ్చు కదయ్యా.