మదర్‌బోర్డు మారిస్తే పాత ఇమేజ్ దించుకోవాలా, విండోస్ కొత్తగా వేసుకోవాలా?

చౌరస్తా డీటీపీ
అన్నలకు నమస్తే. హన్మకొండలో పెళ్లి కార్డులు, బిల్లు బుక్కుల పని మాది. సిస్టం మూడో తరం ఐ3, హెచ్61 బోర్డు, విండోస్ 7 32 బిట్. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బినయ్, పని మధ్యలో ఊకె ఆగిపోతుంది. లోపల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు), ఏండ్ల సంది చేసుకున్న కార్డుల డిజైన్లు ఉన్నయ్. సాఫ్ట్‌వేర్ సీడీలు ఒక్కటి కూడా లేవు. మెకానిక్ ఏమో 12వ తరం ఐ3, హెచ్610 బోర్డు, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (కొత్త రకం డిస్క్) తీసుకొని విండోస్ కొత్తగా వేద్దాం అంటున్నడు. మా దోస్తు మాత్రం పాత డిస్క్ మొత్తం ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి అందుల దించితే అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తయ్ అంటడు. ఎవరి మాట వినాలె? ముందర ముహూర్తాలున్నయ్.

కాజీపేట హార్డ్‌వేర్
మెకానిక్ మాట విను తమ్మీ. విండోస్ లేవాలంటే ముందుగాల డిస్క్‌ను చదవాలె. దానికి కావాల్సిన కంట్రోలర్ డ్రైవర్ బూట్ టైంలో లోడ్ కాకుంటే నీలి తెర, 7బి ఎర్రర్, అక్కడికే ఆగుతది. విండోస్ 7తో ఎన్‌వీఎంఈ డ్రైవరే రాదు. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్లు ఉంటయ్ కదా, మాక్రియంలో రీడిప్లాయ్, ఆక్రోనిస్‌లో యూనివర్సల్ రీస్టోర్ ఉన్నయ్, కొత్త బోర్డుకు కావాల్సిన డ్రైవర్లు ఇమేజ్‌లకు ఎక్కిస్తయ్. కానీ అవి పైసలు పెట్టి కొనాలె. పైగా 2020 జనవరి 14తో సపోర్ట్ ఆగిపోయిన విండోస్‌ను కొత్త మిషన్ మీదికి మోసుకపోవుడెందుకు? ఫైళ్లు, ఫాంట్లు కాపీ కొట్టుకో, విండోస్ 11 కొత్తగా వెయ్.

జమ్మికుంట లెక్కలు
కాజీపేట అన్నా, ఫైళ్లు కాపీ కొట్టుకో అని ఒక్క మాటల చెప్పినవ్. సీడీ లేని పేజ్‌మేకర్ ఎట్ల వేసుకుంటడు? దుకాణం నడిచేది ఆ ప్రోగ్రాం మీదనే కదా. మా ఎరువుల దుకాణంల బోర్డు పోతే మళ్లీ హెచ్61 బోర్డే వేయించిన. అవి కొత్తవి ఇంకా దొరుకుతున్నయ్. ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ పాతవే. బయోస్‌ల సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) పాత దాని లెక్కనే పెట్టిపిచ్చిన, విండోస్ లేచింది, నెట్, సౌండ్ డ్రైవర్లు అడిగింది. అంతే. మెకానిక్ చెప్పిన కొత్త తరం మిషన్ కంటే చాలా చవక. ఇమేజ్ మాత్రం ముందే తీసి పెట్టుకోవాలె.

లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ వాడేటోళ్లు ఇంకొకటి యాదికి పెట్టుకోండి: మిషన్ మార్చే ముందు, పాతది నడుస్తున్నప్పుడే లైసెన్స్ సరెండర్ చేయండి.

కేయూ ల్యాబ్
డీటీపీ తమ్ముడు 32 బిట్ అని రాశాడు. అసలు చూడాల్సింది అదే. హెచ్610 బోర్డులో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిపితే పాత పద్ధతి బయోస్ బూట్ సాధారణంగా ఉండదు, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి ఒక్కటే. 32 బిట్ విండోస్ 7 అందులో లేవదు. ఎన్ని డ్రైవర్లు ఎక్కించినా లేవదు కాబట్టి రీడిప్లాయ్ కోసం డబ్బు పెట్టొద్దు. డిస్క్‌ను యూఈఎఫ్‌ఐకి తగ్గట్టు మార్చే ఎంబీఆర్2జీపీటీ అని ఎవరైనా సలహా ఇస్తే, అది 64 బిట్ విండోస్ 10 లాంటి వాటికి.

అలాగని పేజ్‌మేకర్ వదులుకోనక్కర్లేదు. సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల డిస్క్2వీహెచ్‌డీ ఉచితం. నడుస్తున్న విండోస్‌ను అట్లాగే ఒక వర్చువల్ డిస్క్ ఫైలుగా (వీహెచ్‌డీ) రాస్తుంది. బయటి డ్రైవ్ మీదికి రాయించు. వీహెచ్‌డీఎక్స్ అన్న టిక్ తీసేయ్, వర్చువల్‌బాక్స్‌కు (విండోస్ లోపల ఇంకో విండోస్ నడిపే ప్రోగ్రాం) మామూలు వీహెచ్‌డీ అయితే ఇబ్బంది ఉండదు. కొత్త మిషన్‌లో విండోస్ 11 వేసి, వర్చువల్‌బాక్స్‌లో ఆ ఫైలు తగిలించు. అక్కడా 7బి వస్తే కంగారు పడకు. పాత బోర్డులో సాటా ఐడీఈ మోడ్‌లో ఉండి ఉంటుంది. డిస్క్‌ను సాటా కంట్రోలర్ నుంచి తీసి ఐడీఈ కంట్రోలర్ కింద పెట్టు. పాత విండోస్‌కు నెట్ కలపొద్దు. పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తే బయట ప్రింట్ తీసుకోవచ్చు.

కాజీపేట హార్డ్‌వేర్
సార్, లైసెన్స్ సంగతి చెప్పకుండ పోవద్దు. మిషన్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ ఆ బోర్డుకే కట్టుబడి ఉంటది. వర్చువల్‌ల పెడితే యాక్టివేషన్ మళ్లా అడుగుతది, నిబంధనలు కూడా ఒప్పవు.

కేయూ ల్యాబ్
ఒప్పుకుంటున్నా. విడిగా కొన్న రిటైల్ కీ అయితే మార్చుకోవచ్చు, ఓఈఎం అయితే కుదరదు. తమ్ముడు తన స్టిక్కర్ చూసుకోవాలి. అయినా వీహెచ్‌డీ తీసిపెట్టడం మాత్రం మానొద్దు. పాత డిస్క్ రేపు పోయినా డిజైన్లు, ఫాంట్లు అందులోంచి తీసుకోవచ్చు. విండోస్ 11లో ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది.

నయీంనగర్ స్టూడియో
బ్యాకప్ డ్రైవ్‌ను సీపీయూ పక్కనే పెట్టకండి, దయచేసి. 2023 జులైలో మా నాలా పొంగింది, 2025 అక్టోబరులో మొంథా తుపాను వానలకు మళ్లీ ఊరు మునిగింది. మా గల్లీలో ఒక స్టూడియోలో సిస్టం, బ్యాకప్ రెండూ ఒకే టేబుల్ కింద ఉండి రెండూ నీళ్లపాలయ్యాయి. ఎవరి పెళ్లి ఫొటోలు వాళ్లకు మళ్లీ ఎక్కడి నుంచి తెచ్చిస్తారు? బ్యాకప్ కాగానే డ్రైవ్ పీకి ఇంట్లో పై అంతస్తులో పెట్టుకోండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్ వచ్చిన రోజు అదీ లాక్ అవుతుంది.

జమ్మికుంట లెక్కలు
కొత్త మిషన్‌కు ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టాలె సార్? మాక్రియం ఫ్రీ బాగుండె.

కేయూ ల్యాబ్
మాక్రియం ఫ్రీకి 2024 జనవరి నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు లేవమ్మా. ఇప్పుడు నేనైతే వీమ్ ఏజెంట్ ఉచిత ఎడిషన్ పెడతాను. రికవరీ పెన్‌డ్రైవ్ కూడా అదే మిషన్ మీద చేసి, దాంతో ఒకసారి బూట్ చేసి చూడండి. డిస్క్, బ్యాకప్ ఫైలు రెండూ కనబడాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను చదవడానికి కావాల్సిన ఇంటెల్ వీఎండీ డ్రైవర్ లేక డిస్కే కనబడదు. ఆ సంగతి డేటా పోయిన రోజు కాదు, ఇవాళే తెలియాలి. ఇమేజ్ తీసే క్లోన్‌జిల్లా కూడా గట్టిదే, కానీ పాతదాని కంటే చిన్న డిస్క్ మీదికి మామూలుగా దించనివ్వదు.

విండోస్ 11 తనంతట తానే డిస్క్‌కు తాళం వేసి ఉండొచ్చు. బోర్డు మారితే 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

చౌరస్తా డీటీపీ
స్టిక్కర్ చూసిన, ఓఈఎం అనే ఉంది. ఇయ్యాల రాత్రి వీహెచ్‌డీ తీస్త. ముహూర్తాలు అయ్యేదాక జమ్మికుంట అక్క చెప్పినట్టు హెచ్61 బోర్డే వేయిస్త. తర్వాత విండోస్ 11 మిషన్ కొని, కొత్త డిజైన్లు యూనికోడ్ ఫాంట్లతోనే మొదలుపెడ్త.

కాజీపేట హార్డ్‌వేర్
బోర్డు వేయించే ముందు ఎస్ఎంపీఎస్ (పవర్ ఇచ్చే డబ్బా) చెక్ చేయించు తమ్మీ. కెపాసిటర్లు ఉబ్బినయంటే పవర్ సరిగ్గ రాకపోయి ఉండొచ్చు. అదే ఎస్ఎంపీఎస్ పెడితే కొత్త బోర్డు కూడా పోతది. డిస్క్‌ను మాత్రం వీహెచ్‌డీ పూర్తిగ రాసినంక, అది ఇంకో సిస్టంల తెరుచుకున్నంకనే మెకానిక్ చేతికియ్యి.