డార్ట్‌మూర్ రాళ్ల వరుసలు సూర్యుణ్ణి చూసి పాతినవేనా? పిల్లలకు ఏం చెప్పాలి?

నాగావళి మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. వేసవి సెలవుల్లో ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. వాడు ఒకరోజు డార్ట్‌మూర్‌కి తీసుకెళ్లాడు. చెట్టూ చేమా లేని గడ్డి మిట్టలు, ఎటు చూసినా గొర్రెలు. అక్కడ మెరివేల్ అనే చోట సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటివని చెప్పే రాళ్ల వరుసలు చూశాను. అప్పటినుంచీ మనసంతా అక్కడే ఉంది.

నేను పెద్ద పెద్ద నిలువురాళ్లు ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే చాలా రాళ్లు మోకాలెత్తు కూడా లేవు. మన పొలం గట్ల మీద పాతే హద్దురాళ్లలా ఉన్నాయి. జతలు జతలుగా, మధ్యలో ఒక్క మనిషి నడిచేంత సందు వదిలి, 260 మీటర్ల పైచిలుకు దూరం పాతుకుంటూ పోయారు. తూర్పు కొసన త్రికోణం ఆకారంలో ఒక అడ్డురాయి. దానికి ఉత్తరాన ఇంకో జంట వరుస, రెండిటికీ నడుమ సన్నటి నీటి కాలువ. తుంపర పడుతోంది. వంగి ఒక రాయి మీద చెయ్యి వేస్తే గరుకు గ్రానైట్, దాని పగులులో ఇరుక్కున్న గొర్రె బొచ్చు తడిగా వేలికి తగిలింది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి చూశాను. 82 డిగ్రీలు. దాదాపు తూర్పు!

నేను పుట్టిందీ పెరిగిందీ అరసవల్లి నీడలో. మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాల మీద కిరణాలు పడే రోజున మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవారు. అందుకే అక్కడ నిలబడగానే ఒళ్లు జలదరించింది. వీళ్లకీ ఒక అరసవల్లి ఉందన్నమాట అనుకున్నాను. స్కూలు తెరవగానే తొమ్మిదో తరగతికి అలాగే చెప్పాను కూడా. వెనక బెంచీ అమ్మాయి లేచి ఒక్కటే అడిగింది: "ఏ తారీఖున సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పానేమో అని బెంగగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గొలుసు కొలత

మాస్టారూ, నేను సర్వే శాఖలో చేసి విజయనగరంలో రిటైరైనవాణ్ణి. మీ అమ్మాయి అడిగిందే అసలు ప్రశ్న. ఆ పిల్లకి నా ఆశీస్సులు చెప్పండి.

ముందుగా ఫోన్ దిక్సూచిని నమ్మకండి. పక్కన ఇనుము ఉంటే చాలు, తేడా చూపిస్తుంది. ఉపగ్రహ చిత్రం మీద రెండు కొసలూ గుర్తించి దిక్కు లెక్కకట్టండి.

ఇప్పుడు అసలు లెక్క. డార్ట్‌మూర్ అక్షాంశం 50న్నర డిగ్రీలు. ఉత్తరాన్ని సున్నా, తూర్పును 90 అనుకుంటే, అక్కడ ఏడాది పొడవునా సూర్యుడు పొడిచే చోటు సుమారు 51 డిగ్రీల నుంచి 129 దాకా అటూ ఇటూ తిరుగుతుంది. అంటే 78 డిగ్రీల మేర. వరుసను ఏ కొస నుంచైనా చూడొచ్చు కాబట్టి దాని దిక్కు 180 డిగ్రీల్లో ఎక్కడో ఒకచోట పడాలి. కళ్లు మూసుకుని పాతినా నూటికి 43 వరుసలు ఏదో ఒక రోజు సూర్యోదయాన్ని చూపిస్తాయి. చంద్రుణ్ణి కూడా కలుపుకుంటే సగం దాటుతాయి. నక్షత్రాలనూ కలిపితే తప్పించుకునే వరుస దాదాపు ఉండదు.

రెండోది, క్షితిజం. తూర్పున గుట్ట ఉంటే సూర్యుడు దాని పైకి వచ్చేసరికి దక్షిణానికి జరిగిపోతాడు. మన శ్రీకాకుళంలో గుట్ట ఒక డిగ్రీ ఎత్తుంటే ఆ జరుగుడు డిగ్రీలో మూడో వంతు. డార్ట్‌మూర్‌లో డిగ్రీ పైనే. అక్కడ విషువత్తు రోజుల్లో, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో, అది రెండు రోజుల తేడాతో సమానం. గుట్ట ఎత్తు కొలవకుండా తారీఖు చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

ఇంకొకటి. డార్ట్‌మూర్‌లో ఇలాంటి వరుసలు డెబ్బైకి పైగా ఉన్నాయి. ఎర్మ్ నది ఎగువన ఉన్న వరుస మూడు కిలోమీటర్లు దాటి, నేల వాలును బట్టి వంపులు తిరుగుతూ పోతుంది. దాంట్లో ఏ ముక్క దిక్కు తీసుకుంటారు? చాలా వరుసల కొసన రాళ్లు పేర్చిన సమాధి దిబ్బ ఉంటుంది, దాని దగ్గరికి వెళ్లేకొద్దీ రాళ్లు పెద్దవవుతాయి. నా కంటికి అది చచ్చిపోయినవాళ్ల దగ్గరికి నడిచే దారి. మెరివేల్‌లో అయితే మీరు నడిచిన వరుస నడిమధ్యలోనే సమాధి వలయం ఉంది, గమనించారో లేదో.

పైగా కొన్ని చోట్ల పడిపోయిన రాళ్లను 1890లలో మళ్లీ నిలబెట్టారు. అలాంటి రాయిని పట్టుకుని అర డిగ్రీ వాదన చెయ్యకూడదు.

కోట గుమ్మం

సర్వేయరు గారి లెక్కకు దణ్ణం. అయితే "దారి" అని అంత తొందరగా తేల్చెయ్యకండి.

ఈ ఖగోళ వాదాన్ని మెరివేల్‌కు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు నార్మన్ లాకియర్, నేచర్ పత్రిక పెట్టినాయన. ఆయన కథలో మన నేల కూడా ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో చూశాడు. అదే ఏడాది అక్టోబరులో లాకియర్ ఇంగ్లండులో గ్రహణం లేకుండానే సూర్యుడి అంచు వెలుగును విడదీసి చూశాడు. హీలియం సంగతి అలా బయటపడింది. అంతటి మనిషి 1906 నాటికి మెరివేల్ వరుసలు కృత్తికల ఉదయం వైపు ఉన్నాయని రాశాడు. మన పల్లెల్లో పిల్లలకోడి అంటామే, అవే.

చిక్కు ఎక్కడంటే నక్షత్రాలు పొడిచే చోటు శతాబ్దాల్లో మారిపోతుంది. ఏ కాలంలో సరిపోతుందో చూసి, రాళ్లది ఆ కాలమే అన్నాడు. అది తనను తానే రుజువు చేసుకునే వాదం. సూర్యుడి విషయం వేరు. అయనాంతాల్లో, అంటే ఉత్తర దక్షిణాల కొసలకు చేరే రోజుల్లో, పొడిచే చోటు నాలుగు వేల ఏళ్లలో డిగ్రీకి మించి కదల్లేదు. అందుకే డార్ట్‌మూర్‌లోనే కట్ హిల్ అనే గుట్ట మీద పీట్ మట్టిలో (కుళ్లిన మొక్కల పొరలో) పడుకుని ఉన్న వరుసను నేను తేలిగ్గా తీసెయ్యను. రేడియోకార్బన్ లెక్కలో అది క్రీ.పూ. 3500 ప్రాంతానికి చెందింది. వేసవి అయనాంతపు సూర్యోదయం దిక్కున ఉందంటారు. ఒక్క వరుసతో అందరికీ తీర్పు చెప్పలేం, కానీ ఆ ఒక్కదాన్నీ వదలలేం.

అరసవల్లి ఆడపడుచు

మాస్టారూ, మీ పోస్టు చదివి మా తాతమ్మ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో తెల్లారగట్ల నాలుగింటికే లేపి తలస్నానం చేయించేది. జనం మధ్య ఇరుక్కుని నిలబడేవాళ్లం. లోపల చీకటి, నూనె దీపం వాసన. ఉన్నట్టుండి గడప దగ్గర నేల మీద నారింజ రంగు మరక ఒకటి పడి, అలా పాకుతూ పాదాల మీదికి వెళ్లేది. కొన్ని నిమిషాలే. మబ్బు పట్టిన ఏడు తాతమ్మ రోజంతా దిగాలుగా ఉండేది.

మన దగ్గర ద్వారం ఉంది, విగ్రహం ఉంది, తారీఖు ఉంది, ఎదురుచూసే జనం ఉన్నారు. మార్చి 9, 10 విషువత్తుకు పది పన్నెండు రోజుల ముందు. అక్టోబరు 1, 2 రెండో విషువత్తుకు ఎనిమిది పది రోజుల తర్వాత. రెండుసార్లూ సూర్యుడు ఇంచుమించు ఒకే చోట పొడుస్తాడు. అందుకే రెండుసార్లు జరుగుతుంది. మెరివేల్‌లో ఆ తారీఖు ఎదురుచూసినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. వాళ్లు చూశారో లేదో రాళ్లు ఒక్కటే చెప్పలేవు కదా. నాకు ఆ సంగతే బాధగా ఉంది.

నాగావళి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. సమాధి వలయం పక్కనుంచే నడిచాను, అది ఏమిటో తెలియక దాటి వచ్చేశాను. ఇప్పుడు చాలా కష్టంగా ఉంది.

సర్వేయరు గారు చెప్పినట్టు కూర్చుని లెక్క వేశాను. 82 డిగ్రీలే నిజమై, తూర్పు చదునుగా ఉందనుకుంటే ఏప్రిల్ 2, 3 ప్రాంతం, సెప్టెంబరు 9, 10 ప్రాంతం వస్తోంది. గుట్ట ఉంటే ఇంకా మారుతుంది. నిన్న క్లాసులో ఆ అమ్మాయిని లేపి, "నేను ముందు చెప్పింది తప్పమ్మా, అది రుజువు కాలేదు" అని చెప్పి బోర్డు మీద ఈ లెక్కంతా రాశాను. 180లో 78 అనేసరికి క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోయింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

కట్ హిల్ సంగతి కూడా చెప్పాను. ఆ తలుపు మూయలేదు.

ఇప్పుడు పిల్లలు స్కూలు మేడ మీద ఒక చోట ఇటుక పెట్టుకుని, వారానికోసారి అక్కడే నిలబడి సూర్యుడు పొడిచే చోటికి ఎదురుగా పిట్టగోడ మీద సున్నంతో గీత పెడుతున్నారు. అక్టోబరు 1 దాకా పెట్టి, ఆ రోజు అందరం అరసవల్లి వెళ్దామని అనుకున్నాం. మొదటి గీత సోమవారం పడింది, నీళ్ల ట్యాంకు పక్కనున్న రెండో తాటిచెట్టుకు బెత్తెడు ఎడమగా.