చర్చ: తిరుపతిలో పళ్ల క్లినిక్ వెబ్‌సైట్‌కి ఏం రాయాలి, ఎలా రాయాలి?

అక్షరపని
ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక డెంటల్ క్లినిక్‌కి వెబ్‌సైట్ రాయాలి. ఇద్దరు డాక్టర్లు. ఒకరు బీడీఎస్ (పళ్ల డాక్టరు డిగ్రీ), ఇంకొకరు రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసి నింపే పని) వైపు ఎండీఎస్, అంటే దాని మీద పీజీ. ఇప్పుడున్న హోమ్ పేజీలో "అత్యాధునిక పరికరాలు, అంతర్జాతీయ ప్రమాణాలు, మీ చిరునవ్వే మా ధ్యేయం" తప్ప ఏమీ లేదు. ఏ పేజీలు పెట్టాలి, ధరలు రాయొచ్చా, తెలిసినవాళ్లు చెప్పండి.

వెబ్‌మేస్త్రి
ఆ మూడు ముక్కలూ తీసేయండి అన్నా. ఊళ్లో ఏ క్లినిక్ బోర్డు మీదైనా అతికిపోయే వాక్యం మీ పేజీలో చోటు దండగ.

ఫోన్‌లో తెరవగానే, వేలితో పైకి తోయకముందే కనబడాల్సినవి: ఏ పనులు చేస్తారు, ఎక్కడ, ఏ వేళల్లో, ఆదివారం ఉంటారా, నొక్కితే కాల్ వెళ్లే నంబరు. ఇట్లా: "పంటి నొప్పి, రూట్ కెనాల్, క్యాపులు, క్లిప్పులు. ఎయిర్ బైపాస్ రోడ్డు, తిరుపతి. ఉదయం 10 నుంచి 1, సాయంత్రం 5 నుంచి 9. ఆదివారం ఉదయం మాత్రమే."

డోర్ నంబరు పట్టుకుని ఎవరూ రారు. శ్రీకాళహస్తి, పుత్తూరు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఆర్టీసీ బస్టాండులో దిగి ఆటో అతనికి ఏ గుర్తు చెప్పాలి, క్లినిక్ ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా, బండి ఎక్కడ పెట్టాలి, ఇవి రాయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పళ్ల సెట్టు కోసం వస్తారు, వాళ్లకి లిఫ్ట్ సంగతే ముఖ్యం. క్లినిక్ పేరు, అడ్రసు, ఫోను గూగుల్ మ్యాప్‌లో ఎట్లా ఉన్నాయో సైటులోనూ అక్షరం తేడా లేకుండా అట్లాగే ఉండాలి.

దంతవైద్యం_చిత్తూరు
చికిత్స పేజీలు బాధతో మొదలవ్వాలి. "ఎండోడాంటిక్స్" (రూట్ కెనాల్ శాఖ పేరు) అని రోగి వెతకడు. "దవడ పన్ను సలుపుతోంది", "చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది", "బ్రష్ చేస్తే రక్తం వస్తోంది" అంటాడు. ఆ మాటే పేజీ పైన పెట్టి, కారణం, ఏం చేస్తారు, ఎన్నిసార్లు రావాలి, ఖర్చు, ఇంటికెళ్లాక జాగ్రత్తలు, ఈ వరసలో వెళ్లండి.

రూట్ కెనాల్ పేజీ మీద ఎక్కువ సమయం పెట్టండి, గొడవలన్నీ అక్కడే. సాధారణంగా ఒకటి నుంచి మూడు సిట్టింగులు. చీము పట్టిన పన్నుకి ఎక్కువ పడతాయని ముందే రాయాలి. దవడ పన్నుకి తర్వాత క్యాప్ ఎందుకో ఒక పేరా: పుచ్చు తీసి, లోపల దారి తెరిచాక పైన మిగిలేది పల్చటి గోడలే, గట్టిది కొరికితే చీలుతుంది. చీలిక వేరు దాకా దిగితే చాలాసార్లు పీకాల్సే వస్తుంది. ఇది చదవని మనిషి నొప్పి తగ్గగానే క్యాప్‌కి రాడు.

ధర కూడా అక్కడే. "రూట్ కెనాల్ ఇంత" అని ఒక్క అంకె వేసి క్యాప్ మాట ఎత్తకపోతే బిల్లు రోజు మోసపోయామనుకుంటారు. ఇంత నుంచి ఇంత అని రాసి, అందులో ఎక్స్‌రే కలిసిందా, క్యాప్ విడిగానా, క్యాపుల్లో మెటల్ సిరామిక్ రకానికీ జిర్కోనియా రకానికీ ఎంత తేడా, ఈ మూడూ విప్పి చెప్పండి. చివరిగా ధర సరిచూసిన నెల, సంవత్సరం వేయండి.

క్లీనింగ్ పేజీలో ఒక భయం తీర్చాలి: "గార తీయిస్తే పళ్లు కదులుతాయట." చిగుళ్ల జబ్బుతో ఎముక అప్పటికే తగ్గి ఉంటుంది, గార ఆ సందుల్ని కప్పి ఉంచుతుంది. తీశాక సందు బయటపడుతుంది, కొన్నాళ్లు జివ్వుమంటుంది. క్లీనింగ్ పన్నుని వదులు చేయదు. ఇంత స్పష్టంగా రాయకపోతే ఆ పేజీ చదివినా ఎవరూ రారు.

అక్షరపని
చాలా ఉపయోగం సార్. క్లినిక్ వాళ్లు "నొప్పి లేని చికిత్స, 100 శాతం గ్యారంటీ" అని పెద్ద అక్షరాల్లో వేయమంటున్నారు. ఏం చెప్పాలి?

దంతవైద్యం_చిత్తూరు
వద్దని గట్టిగా చెప్పండి. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నీతి నియమావళి ప్రకారం ప్రకటనలతో రోగుల్ని రాబట్టుకోవడం తప్పు. "నంబర్ వన్", "పండగ ఆఫర్" కూడా ఆ కోవలోకే వస్తాయి. పేజీలో డాక్టరు డిగ్రీ, ఏ శాఖలో ఎండీఎస్, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీడీఎస్ డాక్టరు పేరు పక్కన స్పెషలిస్టు అని వేయకండి.

నొప్పి గురించి ఇలా రాయండి: "మత్తు ఎక్కాకే పని మొదలుపెడతాం. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి, ఆపి మళ్లీ మత్తు ఇస్తాం. తర్వాత ఒకట్రెండు రోజులు కొరికితే నొప్పిగా ఉండొచ్చు." వాపు, చీము ఉన్నచోట మత్తు ఒక్కోసారి సరిగా పట్టదు, అదీ కలపండి. భయపడే మనిషికి కావలసింది ఈ వివరమే.

ముందు, తర్వాత ఫొటోలు వాడితే రోగి సంతకంతో రాతపూర్వక అనుమతి ఉండాలి. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే చాలదు.

తెలుగుటైపు
క్లినిక్ వాళ్లు పాత కరపత్రం ఫైలు ఇస్తే అది చాలావరకు అను ఫాంటులో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటు) ఉంటుంది, సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులన్నీ చదివి సరిచూడండి. దాన్ని బొమ్మగా పెట్టేస్తే గూగుల్‌కి సరిగా అందదు, కళ్లు కనబడనివాళ్ల ఫోనూ చదవలేదు. అక్షరం 16 పిక్సెళ్లకి తగ్గొద్దు, లైన్ హైట్ (వరస ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.6 పైన ఉంచండి. ఇంగ్లిషు డిజైన్‌లో ఉన్న 1.2 వదిలేస్తే కింది ఒత్తులు తెగుతాయి. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఖాళీ) సున్నా. తెలుగు పేజీ, ఇంగ్లిషు పేజీ విడివిడిగా పెట్టండి. చిత్తూరు వైపు అయితే తమిళం మాట్లాడేవాళ్లుంటారు, క్లినిక్‌లో నిజంగా తమిళం వచ్చినవాళ్లు ఉంటేనే ఆ మాట రాయండి.

మదనపల్లె_నుంచి
ఫ్లోరైడ్ మచ్చలకి ఒక పేజీ పెట్టండి. మా పడమటి మండలాల్లో బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు చాలామంది అది తాము సరిగా తోముకోకపోవడం అనుకుంటారు. పన్ను చిగుళ్ల లోపల తయారయ్యేటప్పుడే ఎనామెల్‌లో (పన్ను గట్టి పైపొర) పడిన మచ్చ అది, క్లీనింగ్‌తో పోదు. బ్లీచింగ్‌తో ఒక్కోసారి తెల్లమచ్చలు ఇంకా ఎత్తి కనబడతాయి. తేలికపాటి మచ్చకి పైపొర సన్నగా అరగదీయడం, ముదురు మచ్చకి కాంపోజిట్ (పంటి రంగు పూత) లేదా వెనీర్ (పన్ను ముందు అతికించే పల్చటి పలక) అని తేడా చూపండి. పెళ్లి చూపుల ముందు ఇదే అడుగుతారు.

వెబ్‌మేస్త్రి
తిరుపతి కాబట్టి ఇంకోటి. కొండకి వచ్చినవాళ్లకి రాత్రి పన్ను నొప్పి లేస్తే వెతికేది ఫోన్‌లోనే. "యాత్రికులకి" అని చిన్న పేజీ: ఒక్క సిట్టింగులో నొప్పి తగ్గించేంతవరకే చేస్తాం, ఎక్స్‌రే, చేసిన పని రాసిన కాగితం ఇస్తాం, మిగతాది మీ ఊరి డాక్టరు దగ్గర చేయించుకోండి. డాక్టర్లు ఒప్పుకుంటేనే.

అక్షరపని
ఒప్పుకుంటారు, అడుగుతాను. అపాయింట్‌మెంట్ ఫారంలో షుగరు, గుండె మందులు కూడా అడగమంటున్నారు.

దంతవైద్యం_చిత్తూరు
ఫారంలో వద్దు. పేరు, ఫోను, ఏ వేళకి వీలు, అంతే. ఆరోగ్యం వివరాలు సైటులో నింపించుకుంటే వాటిని కాపాడే బాధ్యత క్లినిక్‌దే. ఫారం కింద ఒక్క వాక్యం పెట్టండి: "రక్తం పల్చబడే మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, మేం ఫోన్ చేసినప్పుడు చెప్పండి." పన్ను తీయించుకునేముందు రెండు రోజులు ఆ మాత్రలు మానేసి వచ్చేవాళ్లున్నారు, అది ప్రమాదం.