తెర వెనక పాచికను మార్చిన గేమ్ మాస్టర్ తప్పు చేసినట్టేనా?

ఓరుగల్లు కథకుడు:
హనుమకొండలో ప్రతి ఆదివారం మా డాబా మీది గదిలో ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ అల్లుకునే ఆట ఇది. గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపి రాక్షసుల తరఫున పాచికలు వేసేవాణ్ని, నేనే. మిగతా నలుగురు ఆటగాళ్లు. కథలోని రాజ్యం నా కల్పనే కానీ మట్టికోట, రాతికోట, అగడ్త, తోరణాలు అన్నీ మన ఖిలా వరంగల్ నుంచి ఎత్తుకొచ్చినవే. మొన్న పాఖాల లాంటి అడవిలో వాళ్లకు ఓగర్ ఎదురుపడింది. మన బ్రహ్మరాక్షసుడిలోంచి బుద్ధి తీసేస్తే మిగిలేది అదే. ఆటకు కొత్తగా వచ్చిన మా పిన్ని కూతురిది మాంత్రికురాలి పాత్ర. మొదటి లెవెల్, ప్రాణం 7 పాయింట్లు. ఓగర్ ఆమెను కొట్టింది. ఆటగాళ్లకు కనబడకుండా నేను పెట్టుకునే అట్ట తెర వెనక దాని తరఫున ఇరవై ముఖాల పాచిక వేస్తే 20 పడింది, అంటే క్రిటికల్, మామూలు కన్నా గట్టి దెబ్బ. దుడ్డుకర్ర దెబ్బకు ఎనిమిది ముఖాల పాచికలు రెండుకు బదులు నాలుగు వేసి 4 కలపాలి. 23 వచ్చింది. 7 పోగా మిగిలిన 16 ఆమె పూర్తి ప్రాణం కన్నా ఎక్కువ కాబట్టి డెత్ సేవ్‌లకు (చావు తప్పించుకోవడానికి వేసే పాచికలకు) కూడా తావు లేదు, అక్కడికక్కడే చావు. ఆట మొదలై అరగంటే అయింది. "గురి తప్పింది, కర్ర చెట్టుకు తగిలింది" అన్నాను. పక్కనున్న మిత్రుడు పాచికను చూశాడు. అప్పటి నుంచి నన్ను శకుని అంటున్నాడు. చెప్పండి, తప్పేనా?

గవ్వల గలగల:
శకుని తన పక్షం కోసం చేశాడు, మీరు ఎదుటివాళ్ల కోసం చేశారు. తేడా అంతే అన్నా. చిన్నప్పుడు నేను ఏడుస్తానని మా నానమ్మ అష్టాచెమ్మాలో గవ్వలు తిప్పేసేది. ఆ సంగతి తెలిసిన రోజున, అంతకుముందు నేను గెలిచిన ఆటలన్నీ కూడా లెక్కలోంచి పోయాయి.

తెరచాటు:
మీది మరీ చాదస్తం. తెర వెనక వేస్తే ఫలితాన్ని మార్చుకునే వీలుంటుందని గేమ్ మాస్టర్ల కోసం రాసిన ఈ ఆట పుస్తకం, 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడే ఒప్పుకుంటుంది. ఒగ్గు కథ చెప్పేవాళ్లు జనం కునికిపాట్లు పడుతుంటే యుద్ధాన్ని పెంచరా? దాన్ని ఎవరైనా మోసం అంటారా?

గవ్వల గలగల:
ఒగ్గు కథలో వినేవాళ్లు పాచికలు వేయరు కదా. పాచిక మాట వినే ఉద్దేశం లేనప్పుడు దాన్ని వేయనే కూడదు. అయినా అసలు పొరపాటు అంతకుముందే జరిగింది. 2014 నియమాల లెక్కల్లో ఓగర్ విలువ 450 ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు; పోరు ఎంత కష్టమో వాటితోనే కొలుస్తారు. మొదటి లెవెల్ వాళ్లు నలుగురికి ప్రాణాంతకమనే గీత 400 దగ్గరే పడుతుంది. కూర ముందే మాడింది, మీరు తెర వెనక గిన్నె మార్చారు. పోనీ, కాపాడాలనే అనుకున్నారు, దానికి నియమాల్లోనే దారి ఉంది. దగ్గరి నుంచి కొట్టే దెబ్బతో ఎవరి ప్రాణమైనా సున్నాకు చేరితే, చంపకుండా స్పృహ తప్పించే హక్కు కొట్టినవాళ్లది. ఓగర్ ఆమెను భుజాన వేసుకుని గుహకు పోతే కథ ఇంకా రక్తి కట్టేది.

తెరచాటు:
అదీ దయే కదా, తెర ముందుకు వచ్చిందంతే.

గవ్వల గలగల:
నేను అడిగిందీ ముందుకు రమ్మనే.

ఏడు పాయింట్ల మాంత్రికురాలు:
ఆ పిన్ని కూతురిని నేనే. ఇంతసేపూ నన్ను ఎవరూ అడగలేదు. అన్నయ్యా, చనిపోతే ఏడ్చేదాన్నే, నిజమే. కానీ ఓగర్ దెబ్బ తప్పించుకున్నానని హాస్టల్‌లో మూడు గదులవాళ్లకు చెప్పాను, కర్ర చెట్టుకు తగిలిన చప్పుడుతో సహా. ఇప్పుడు వాళ్లకు ఏమని చెప్పను?

తెరచాటు:
ఒకటి అడుగుతానమ్మా. అసలు విషయం మీకు ఎప్పటికీ తెలియకపోతే?

ఏడు పాయింట్ల మాంత్రికురాలు:
సంతోషంగానే ఉండేదాన్ని. అందుకే ఇంత కోపం వస్తోంది.

ఓరుగల్లు కథకుడు:
సరే, ఈ ఆదివారం ఆ దెబ్బ దగ్గరి నుంచే మళ్లీ మొదలుపెడదాం. 20 ఇరవయ్యే, 23 ఇరవై మూడే. నువ్వు స్పృహ తప్పావు, ఓగర్ నిన్ను గుహకు మోసుకుపోయింది. ఇకపై అందరి ముందే వేస్తాను. తెర అట్టను అమ్మ అప్పుడే అప్పడాలు ఎండబెట్టడానికి తీసుకుంది.

ఏడు పాయింట్ల మాంత్రికురాలు:
గుహలో పొయ్యి అంటుకునేలోపు మిగతా ముగ్గురినీ రమ్మను అన్నయ్యా. ఆ శకుని అన్నవాడిని ముందు నడవమను.