ప్రోనోటు మీద ఆలస్యంగా పడిన చెల్లు చెల్లుతుందా?

పల్లెపౌరుడు: ప్రోనోటు తేదీ 12-6-2021. అసలు 2 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. వెనక 20-1-2025న 20,000 చెల్లు, అంటే అంత ముట్టినట్టు రాత, ఉంది. రాత అప్పిచ్చినాయనది, కింద సంతకం బాకీదారుది. ఇప్పుడు దావా వేస్తే నిలుస్తుందా?

నల్లకోటు: నిలవదు. కోరినప్పుడు చెల్లించే నోటుకి దావా గడువు మూడేళ్లు, అదీ నోటు రాసిన తేదీ నుంచి. బాకీ అడిగిన తేదీ నుంచి అనుకుని చాలామంది పొరబడతారు. 2024 జూన్ 12తో సరి. పైగా చెల్లు బాకీదారు స్వదస్తూరీతో ఉండాలి.

గోదారోడు: స్వదస్తూరీ అక్కర్లేదండీ. దావా గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చూడండి: కట్టినవాడి చేతిరాతైనా ఉండాలి, అతను సంతకం చేసిన రాతైనా ఉండాలి. సంతకం లేకుండా అప్పిచ్చినాయన ఒక్కడే రాసుకుంటేనే అది చిత్తుకాగితం.

నల్లకోటు: సరే, సంతకం ఉంది. గడువు తీరకముందే కట్టి ఉండాలని కూడా అదే సెక్షన్ అంటోందిగా? ఇది ఏడు నెలలు దాటాక పడింది. పీనుగకి వైద్యం.

గోదారోడు: అప్పు చావదు సార్. దావా దారి మూసుకుపోతుందంతే, సుప్రీంకోర్టు 1958లోనే తేల్చింది. కాలదోషం పట్టిన, అంటే దావా గడువు దాటిన బాకీ తీరుస్తానని రాసిచ్చి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది కొత్త ఒప్పందమే.

నల్లకోటు: ‘ఇంత ముట్టింది’ అన్న చెల్లులో ‘మిగతాది ఇస్తాను’ అన్న మాట ఎక్కడుంది? 25(3)కి మాట ఇవ్వడం కావాలి, ఒప్పుకోలు చాలదు. బాకీదారు నోరు విప్పకపోయినా లిమిటేషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం కోర్టే దావా కొట్టేయాలి.

సీతాలు: మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించుకుంటే ఈ గోల ఉండదుగా.

గోదారోడు: సంతకం పెట్టి, డబ్బు కట్టి, ఇప్పుడు బాకీ లేదనడం ఏం న్యాయం?

నల్లకోటు: న్యాయమా? వడ్డీ లెక్క చూడండి. నెలకి 4,000. చెల్లు పడేనాటికి నిండిన 43 నెలలకి 1,72,000. కట్టిన 20,000 వడ్డీకే జమ, అసలు పైసా తగ్గదు. ఖాళీ నోటు మీద సంతకం తీసుకుని తీరిగ్గా నింపుకుంటారు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ అందుకు వీలిచ్చింది. అదే చట్టం 118 కింద డబ్బు ముట్టిందనే కోర్టు ముందు అనుకుంటుంది. ముట్టలేదని బాకీదారే చూపించుకోవాలి. అతనికి మిగిలింది ఆ మూడేళ్ల గడువొక్కటే.

గోదారోడు: అదీ సంగతి! మీ తగాదా చెల్లుతో కాదు, వడ్డీతో. బ్యాంకు తిప్పి పంపినవాడికి సాయంత్రానికల్లా డబ్బు పుట్టేది నోటు మీదే. వడ్డీ మరీ ఎక్కువైతే తగ్గించడానికి 1918 నాటి చట్టం ఉంది. అందుకని అసలుకే ఎసరు పెడతారా?

నల్లకోటు: తగ్గించమని అడగడానికీ వకీలు కావాలి. ఆ ఫీజు మీరిస్తారా?

లెక్కలమాస్టారు: ఇద్దరూ తేదీ వదిలేసి కొట్టుకుంటున్నారు. కరోనా కారణంగా 15-3-2020 నుంచి 28-2-2022 దాకా రోజుల్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. ఈ నోటు ఆ మధ్యలో రాసిందే. అంటే మూడేళ్లు 2022 మార్చి 1న మొదలై 2025 ఫిబ్రవరి 28తో ముగుస్తాయి. చెల్లు జనవరి 20న పడింది, గడువు లోపలే. అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు, 2028 జనవరి 20 దాకా.

నల్లకోటు: ఆ వెసులుబాటు కోర్టుకి రాలేకపోయినవాళ్లకి మాస్టారూ. 2022 తర్వాత చేతులు ముడుచుకు కూర్చున్నవాళ్లకి కాదు.

లెక్కలమాస్టారు: ఎందుకు రాలేదని ఆ ఉత్తర్వు అడగలేదు, రోజులు తీసేసిందంతే. కాకపోతే ఈ మినహాయింపు సంగతి దావాలోనే రాయాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 7వ ఆర్డరు 6వ రూలు. పల్లెపౌరుడు గారూ, నోటు మీద సంతకం రెవెన్యూ స్టాంపుకి అడ్డంగా పడిందా, పక్కన పడిందా? అలా అడ్డంగా సంతకం పడితేనే స్టాంపు రద్దయినట్టు; రద్దు చేయని స్టాంపు ఉన్నా లేనట్టే లెక్క. వేరే కాగితాలైతే జరిమానా కట్టి గట్టెక్కొచ్చు, ప్రోనోటుకి ఆ దారి లేదు.

పల్లెపౌరుడు: సగం స్టాంపు మీద, సగం కాగితం మీద ఉందండీ.

లెక్కలమాస్టారు: అలాగే ఉండాలి.

నల్లకోటు: వడ్డీ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.