అప్‌డేట్: ఆ 28 జీబీ దొరికిందండీ

ఉబుంటు (లినక్స్) సర్వర్‌లో డిస్క్ ఎంత నిండిందో చెప్పే ‘డీఎఫ్ మైనస్ హెచ్’ కమాండ్ కొడితే 50 జీబీ రూట్ (ప్రధాన డిస్క్ భాగం) 100 శాతం నిండిందంటోంది, ఫైళ్ల సైజులు కూడి చెప్పే ‘డీయూ’ మాత్రం 19 జీబీయే చూపిస్తోందని మొన్న అడిగాను కదా. ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకీ ఉండే రికార్డులు, అవి అయిపోయినా డిస్క్ నిండినట్టే) చూడమన్నారు, ‘డీఎఫ్ మైనస్ ఐ’లో 8 శాతమే. అక్కడేం లేదు.

తీసేసినా ఇంకా తెరిచే ఉన్న ఫైళ్లను చూపే ‘ఎల్‌ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1’ చెప్పినవారికి దండం! సుడోతో (అడ్మిన్ హక్కులతో) కొట్టగానే బయటపడింది: పోయినవారం నేను ‘ఆర్ఎమ్’తో తీసేసిన లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తన పనులు రాసుకునేది), దాదాపు 28 జీబీ, పక్కనే ‘డిలీటెడ్’ అని. జావా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయినా, ప్రాసెస్ వదిలేదాకా జాగా ఖాళీ కాదు. మిగతా రెండున్నర జీబీ ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ రూట్ యూజర్ (అడ్మిన్) కోసం అట్టిపెట్టే 5 శాతం.

సర్వీస్ రీస్టార్ట్ చేశాను, 40 శాతానికి దిగింది. ఇకపై నడుస్తున్న లాగ్‌ని తీసేయను, ‘ట్రంకేట్ మైనస్ ఎస్ 0’తో ఖాళీ చేస్తాను. లాగ్‌లు పెరిగిపోకుండా పాతవాటిని తనే తీసేసే లాగ్‌రొటేట్ కూడా ఈ రాత్రే పెడుతున్నాను.